బండికి పికప్ కావాలంటే ఏం కావాలని?

(ఆదివారం ఉదయం రావులపాలెంలో జరిగిన క్రూయిజర్ రైడర్ల, అంటే సీటు కిందకి ఉండి దూరాలు హాయిగా వెళ్లే బైకులు నడిపేవాళ్ల, కలయికలో, పాలకొల్లులో 26 ఏళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ గారి ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం అండి. పొద్దున్నే భీమవరం నుంచి, అమలాపురం నుంచి, కాకినాడ నుంచి, యానాం నుంచి బళ్లేసుకుని వచ్చారు. వెనక నిలబడ్డ తమ్ముళ్లూ, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి. దగ్గరగా కూర్చుంటే షెడ్డులో మాట్లాడినట్టే మాట్లాడతాను.

ఇంజిన్ బలం పెంచడానికి కంపెనీలే అమ్మే పెర్ఫార్మెన్స్ కిట్ల గురించి చెప్పమని నన్ను పిలిచారు. స్టేజ్ వన్, స్టేజ్ టూ అంటారు చూడండి, అవి. తప్పకుండా చెబుతాను. దానికంటే ముందు ఒక మాట. క్రూయిజర్ తీసుకుని నా షెడ్డుకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదట అనే మాట ఒకటే. "అన్నయ్యా, బండికి పికప్ చాలట్లేదు." పాలకొల్లు వాళ్లయినా అదే మాట, రాజోలు వాళ్లయినా అదే మాట. పికప్. ఆ ఒక్క మాటలో నాలుగైదు కోరికలు ఉంటాయండి. అందులో ఈ మనిషి కోరిక ఏదో తెలియకుండా నేను పానా చేతిలోకి తీసుకోను.

మీరే చెప్పండి. ఇక్కడి నుంచి అమలాపురం వెళ్తున్నారు. కొత్తపేట దాటారు. ముందు కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క బోదె. ఎదురుగా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది, ఇప్పుడు రోడ్డు ఖాళీ. ఎంతసేపు ఖాళీ? పది సెకన్లు ఉంటే గొప్ప. మీరు 40లో ఉన్నారు, టాప్ గేర్‌లో ఉన్నారు, వెనక ఇంట్లో ఆవిడ కూర్చుని ఉంది, మధ్యలో బ్యాగు. యాక్సిలేటర్ తిప్పారు. అప్పుడు బండి ఏం చేయాలి? గేరు తగ్గించమని అడక్కుండా, గింజుకోకుండా, 40 నుంచి 70కి సాఫీగా లాక్కుపోవాలి. అవునా కాదా? మీరు పికప్ అన్నది దాన్నే. 140 స్పీడు అడగడం లేదు మీరు. ఈ డెల్టాలో 140 ఎక్కడ వెళ్తాం? కళ్లం చేసి ధాన్యం ఆరబోసిన రోడ్డు మీద వెళ్తామా? చేపల లోడు లారీ నీళ్లు కార్చుకుంటూ వెళ్లిన రోడ్డు మీద వెళ్తామా?

కాబట్టి స్పీడు వేరు, లాగుడు వేరు. ఈ తేడా దగ్గర కాసేపు ఆగుదాం. ఇది తెలిస్తే కిట్ల సంగతి సగం తెలిసినట్టే.

పట్టేసిన నట్టు విప్పాలంటే ఏం చేస్తాం? పానా పిడికి ఒక పైపు తొడిగి తిప్పుతాం. ఆ తిప్పే బలమే టార్క్. ఎంత బలంగా తిప్పుతున్నామన్నది టార్క్, అంత బలంతో ఎంత తొందరగా తిప్పుతున్నామన్నది హార్స్ పవర్. టార్క్‌ని ఆర్‌పీఎంతో, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి, ఒక స్థిర సంఖ్యతో భాగిస్తే వచ్చే లెక్కే హార్స్ పవర్. అందుకే ఇంజిన్‌ని గిర్రున తిప్పితే కాగితం మీద హార్స్ పవర్ బాగానే కనపడుతుంది. ట్రాక్టరు వెనక 40లో వెళ్తున్నప్పుడు అది మనకి అక్కరకి రాదు.

బజాజ్ అవెంజర్ 220 తీసుకోండి. మనవాళ్లు చాలామంది క్రూయిజర్ రుచి మొదట చూసింది అవెంజర్ మీదే. 220కి సుమారు 19 హార్స్ పవర్. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి 20 చిల్లర. కాగితం మీద తేడా ఒకటో ఒకటిన్నరో. మరి రెండూ నడిపినవాళ్లు ఇక్కడ ఉన్నారుగా, చెప్పండి, రెండూ ఒకేలా లాగుతాయా? లాగవు. ఎందుకు లాగవు? అవెంజర్ టార్క్ పదిహేడున్నర న్యూటన్ మీటర్లు, అదీ 7000 ఆర్‌పీఎం దగ్గర. మీటియర్‌కి 27, అదీ 4000 దగ్గరే. 27 రావడానికి సీసీ ఎక్కువ కావడం ప్రధాన కారణం. 4000 దగ్గరే దొరకడానికి కారణం వేరు. అవెంజర్ ఇంజిన్ బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 67 మిల్లీమీటర్లు. స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, 62.4. పల్సర్ రక్తం దానిది, పైకి తిరిగే కొద్దీ ఉత్సాహం. మీటియర్ బోరు 72, స్ట్రోక్ 85.8. పిస్టన్ ఎక్కువ దూరం పైకీ కిందకీ నడుస్తుంది కాబట్టి దాన్ని గిర్రున తిప్పే పని పెట్టుకోలేదు. గాలిని లోపలికి, పొగని బయటికి వదిలే వాల్వులు, వాటిని తెరిచే క్యామ్, అన్నీ కింది ఆర్‌పీఎంలో గాలి బాగా నిండేలా కుదిర్చారు. అందుకే 40లో తిప్పినా కదులుతుంది.

అమెరికా కంపెనీ హార్లీ డేవిడ్సన్ పెద్ద ఇంజిన్ ఇదే దారిలో ఇంకా దూరం వెళ్లింది. మిల్వాకీ ఎయిట్ 107 అంటారు. 107 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో సుమారు 1750 సీసీ. టార్క్ సుమారు 145 న్యూటన్ మీటర్లు, అదీ 3000 చిల్లర ఆర్‌పీఎం దగ్గరే. అంటే ఇంజిన్ ఇంకా నిద్ర లేవలేదేమో అనుకునే దగ్గర బండి కొండని లాగుతుంది.

కొండ అన్నాను గానీ మనకి కొండలెక్కడివి? మన డెల్టాలో ఎత్తు అంటే వారధే. చించినాడ వారధి ఎక్కడం, సిద్ధాంతం వారధి ఎక్కడం, ఎదుర్లంక దగ్గర యానాం వారధి ఎక్కడం. లేదంటే ఏటిగట్టు మీదకి ఎక్కే ర్యాంపు. మారేడుమిల్లి ఘాట్ ఎప్పుడో ఒక ఆదివారం. ఏటిగట్టు ర్యాంపు మాత్రం రోజూ ఉంటుంది. మన బండికి పరీక్ష అక్కడే.

ఇప్పుడు కిట్ల దగ్గరికి వద్దాం.

కంపెనీ నుంచి బయటికి వచ్చేటప్పుడు ప్రతి క్రూయిజర్ కొంచెం బిగబట్టుకునే వస్తుంది. ఎందుకు? శబ్దం హద్దు దాటకూడదు. మన దేశంలో 175 సీసీ పైన బండికి పరీక్షలో 80 డెసిబెల్స్ హద్దు. పొగ హద్దు దాటకూడదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ నిబంధన వచ్చింది, 2023 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చింది. రాజస్థాన్ ఎండలోనూ నడవాలి, లడఖ్ చలిలోనూ నడవాలి, ఏ బంకులో ఏ పెట్రోలు పోసినా నడవాలి. ఇవన్నీ చూసుకుని కంపెనీ కొంత జాగ్రత్త మిగుల్చుకుంటుంది. ఆ మిగుల్చుకున్న దానిలో కొంత పద్ధతి ప్రకారం మనకి తిరిగి ఇచ్చేదే ఫ్యాక్టరీ కిట్టు.

దీన్ని హార్లీ వాళ్లు స్క్రీమిన్ ఈగిల్ పేరుతో మెట్లు మెట్లుగా కట్టారు. మొదటి మెట్టులో మూడు పనులు. ఎక్కువ గాలి పీల్చే ఎయిర్ క్లీనర్, తక్కువ అడ్డు ఉండే సైలెన్సర్, ఆ రెండిటికీ తగ్గట్టు ఇంజిన్ కంప్యూటర్‌లో పెట్రోలు లెక్క మార్చడం. ఈ మూడూ కలిసి ఒక పని. మూడూ కలిసి. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. రెండో మెట్టు క్యామ్ మార్చడం. మూడో మెట్టు సిలిండర్లు, పిస్టన్లు పెద్దవి వేయడం, 107ని 114 చేయడం, 114ని 117 చేయడం. నాలుగో మెట్టులో సిలిండర్ల పైన ఉండే హెడ్లు, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ కూడా మారతాయి. అది కూడా చాలదంటే 131 క్యూబిక్ అంగుళాల కొత్త ఇంజిన్ పెట్టెలో పెట్టి ఇస్తారు. ఇండియన్ మోటార్‌సైకిల్ అనే ఇంకో అమెరికా కంపెనీ వాళ్లు కూడా 111 ఇంజిన్‌ని 116 చేసే కిట్టు అమ్మారు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది ఏమిటో తెలుసా? రెండో మెట్టు. మిల్వాకీ ఎయిట్‌కి క్యామ్ కిట్టు కొనబోతే కంపెనీ నిన్ను ఒక ప్రశ్న అడుగుతుంది. టార్క్ కిట్టు కావాలా, పవర్ కిట్టు కావాలా? రెండూ క్యామ్‌లే. ఒకటి కింది ఆర్‌పీఎంలో లాగుడు పెంచుతుంది, ఇంకొకటి పైన పరుగు పెంచుతుంది. రెండూ ఒకే క్యామ్‌తో పూర్తిగా దక్కవు. వాల్వు ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరిచి ఉంచాలి అన్నది ఒక చోట కుదిరితే ఇంకో చోట తగ్గుతుంది. అందుకని ముందు రైడర్ మనసు తెలుసుకుని తర్వాత సామాను ఇస్తున్నారు. ఇంత పద్ధతైన ప్రశ్న మన షోరూముల్లో ఎవరైనా మనల్ని అడిగారా? బండి నలుపా, ఎరుపా అని అడుగుతారు. నువ్వు ఎక్కడ నడుపుతావు, వెనక ఎవరు కూర్చుంటారు, ఎంత లోడు వేస్తావు అని అడిగినవాళ్లని నేను చూడలేదండి.

మూడూ కలిసి ఒక పని అన్నాను కదా. అది ఎందుకో నా షెడ్డులో జరిగింది చెబుతాను.

నరసాపురం వైపు తమ్ముడు ఒకడు. కొత్త బండి, ఏడాది కూడా నిండలేదు. బయట కొన్న సైలెన్సర్ ఒకటి వేయించాడు, ఫిల్టర్ డబ్బా పీకించి కోన్ ఫిల్టర్ పెట్టించాడు. కంప్యూటర్ లెక్క మాత్రం ముట్టుకోలేదు. వేయించిన వారం పది రోజులు గాల్లో తేలాడు. నాలుగు నెలలు తిరిగేసరికి బండి లాగడం మానేసింది, సైలెన్సర్‌లో టపటపా కొడుతోంది. హెడ్డు విప్పాం. పొగ బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోయి ఉంది.

ఎందుకు కాలింది? మామూలు పెట్రోలు ఒక వంతు మండాలంటే బరువు లెక్కన సుమారు 14.7 వంతుల గాలి కావాలి. నువ్వు గాలి పెంచావు. పెట్రోలు ఎవరు పెంచుతారు? నెమ్మదిగా వెళ్లేటప్పుడు సైలెన్సర్ దగ్గరి ఆక్సిజన్ సెన్సర్ చూసి కొంతవరకు సర్దుతుంది. యాక్సిలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం కంప్యూటర్ ఆ సెన్సర్ మాట వినదు, తన లోపల రాసుకున్న లెక్క ప్రకారమే పోస్తుంది. ఆ లెక్క పాత ఫిల్టర్‌కి, పాత సైలెన్సర్‌కి రాసిన లెక్క. దాంతో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ, వేడి ఎక్కువ. వేడి తగిలేది వాల్వుకే. ఆ తమ్ముడు షోరూముకి వెళ్తే వారంటీ ఇవ్వలేదు. ఖర్చంతా చేతి నుంచి పడింది. ఇంట్లో నాన్నగారికి చెప్పలేక నా షెడ్డులో తలొంచుకుని కూర్చున్నాడు. ఆ కుర్రాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ హెడ్డు విప్పినప్పుడే ఇంకొకటి కూడా చూశానండి. సిలిండర్ గోడల మీద నిలువు గీతలు. ఆ కోన్ ఫిల్టర్‌లోంచి దుమ్ము లోపలికి పోయింది. అది ఏ దుమ్ము? ఆ అబ్బాయి రోజూ వెళ్లే దారిలో రెండు రైస్ మిల్లులు ఉన్నాయి. ఊక కాల్చిన బూడిద గాల్లో తేలుతూ ఉంటుంది, మనకి కంట్లో పడుతుంది, తుడుచుకుంటాం. ఆ ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. అంటే ఇసుక జాతి. గరుకు కాగితంతో రుద్దినట్టే పిస్టన్‌ని, సిలిండర్‌ని రుద్దేస్తుంది. ఎక్కడో సముద్రం అవతల శుభ్రమైన హైవే మీద నడిచే బండికి చేసిన ఫిల్టర్ తెచ్చి తణుకు రోడ్డులో పెడితే ఎలా? ఫిల్టర్ కొనేటప్పుడు ఎంత గాలి పీలుస్తుందని ఒక్కటే అడక్కండి. ఎంత దుమ్ము ఆపుతుందని కూడా అడగండి.

సైలెన్సర్ సంగతి నా సొంత బండి మీద నేర్చుకున్నాను. 2008లో నాకు ఒక పాత క్రూయిజర్ ఉండేది, కార్బురేటర్ బండి. సైలెన్సర్ లోపలి గొట్టాలు కోయించేశాను. శబ్దం గంభీరంగా వచ్చింది, వీధి మొత్తం తిరిగి చూసేది. ఒకరోజు మా ఆవిడని, బాబుని ఎక్కించుకుని రాజోలు పెళ్లికి బయల్దేరాం. చించినాడ వారధి ఎక్కుతుంటే బండి మూలుగుతోంది. రెండో గేరులోకి దిగాను. మా ఆవిడ వెనక నుంచి, "ఇంతకుముందు ఇక్కడ ఇలా ఆయాసపడేది కాదండీ" అంది. ఆవిడకి ఇంజిన్ గురించి తెలియదు. అయినా సరిగ్గా చెప్పింది.

సైలెన్సర్ లోపల ఉండే గొట్టాలూ గదులూ శబ్దం తగ్గించడానికి మాత్రమే కావు. మండిన గాలి బయటికి ఒకే ధారగా పోదు, అలలు అలలుగా పోతుంది. ఒక అల తిరిగి వచ్చే సమయాన్ని బట్టి సిలిండర్ ఎంత బాగా ఖాళీ అవుతుంది, కొత్త గాలి ఎంత నిండుతుంది అన్నది ఉంటుంది. కింది ఆర్‌పీఎంలో అది కుదిరేలా కంపెనీ వాళ్లు కొలిచి కడతారు. నేను రంపంతో కోసేశాను. పైన ఎక్కడో కొంచెం పెరిగి ఉండొచ్చు, కింద లాగుడు పోయింది. వారధి ఎక్కేది కింది లాగుడుతోనే కదా. మర్నాడే పాత సైలెన్సర్ కొని బిగించాను. అప్పటి నుంచి నా షెడ్డులో సైలెన్సర్ కోయడం అన్నది లేదు. ఎంత డబ్బు ఇస్తామన్నా లేదు.

అలాగని శబ్దం కోరుకోవడం తప్పని నేను అనను. క్రూయిజర్ నడిపేవాడికి శబ్దం కావాలి. అది అతని గుండెకి దగ్గరి విషయం. హార్లీ వీ ట్విన్ ఇంజిన్‌లో రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఉంటాయి, మంట సమానమైన ఎడంతో పడదు, అందుకే ఆ తడబడే తాళం. సూపర్ మీటియర్ 650లో సిలిండర్లు పక్కపక్కనే ఉన్నా పిస్టన్లు తిప్పే ఇరుసుని, అదే క్రాంక్‌ని, 270 డిగ్రీలకి తిప్పి పెట్టారు, అందుకే దానికీ ఒక లయ ఉంది. ఆ లయ నడిపేవాడికి వినపడాలి. పక్క వీధిలో పడుకున్న పసిబిడ్డకి వినపడకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదర్చగలిగింది కొలిచి కట్టిన సైలెన్సరే.

ఇప్పుడు చట్టం. దీని గురించి చాలామందికి తప్పు అభిప్రాయం ఉంది కాబట్టి చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం సీ బుక్కులో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన కొలతలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు. శబ్దం, పొగ హద్దు దాటితే 190వ సెక్షన్ వేరే ఉంది, అందులో 10,000 వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి ఆపితే అది ఏ కంపెనీ సైలెన్సర్ అన్నది చూడరు. కాగితం ఉందా లేదా చూస్తారు.

ఫ్యాక్టరీ పేరు ఉన్నంత మాత్రాన చాలదని చెప్పడానికి ఒక సంగతి ఉంది. 2016 ఆగస్టులో అమెరికాలో హార్లీ వాళ్లు అక్కడి పర్యావరణ సంస్థతో రాజీ కుదుర్చుకుని 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానాకి ఒప్పుకున్నారు. దేనికి? సూపర్ ట్యూనర్ అనే పరికరానికి. దాన్ని తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్ లెక్క మారి, బండి ఆమోదం పొందిన హద్దు కంటే ఎక్కువ పొగ వదులుతుందని ప్రభుత్వం అంది. సుమారు 3,40,000 పరికరాలు అమ్మారు. అమ్మకం ఆపాల్సి వచ్చింది, డీలర్ల దగ్గర మిగిలినవి వెనక్కి తీసుకుని ధ్వంసం చేయాల్సి వచ్చింది. తర్వాత పొగ హద్దులో ఉండే ట్యూనర్లే అమ్మారు. అక్కడి రైడర్లకి మాత్రం స్టేజ్ కిట్లు పోలేదు. హద్దు లోపల ఉండే కిట్టు డీలర్ దగ్గరే బిగించుకుంటే వారంటీ కూడా ఉంటుంది. అంటే లాగుడు, కాగితం, వారంటీ, మూడూ ఒకేచోట దొరుకుతాయి.

మరి మన దగ్గర?

నేను మన దేశంలో అమ్మే క్రూయిజర్ల కంపెనీ యాక్సెసరీల జాబితాలు తిరగేస్తూనే ఉంటాను. టూరింగ్ సీటు ఉంది, ముందు అద్దం ఉంది, లెగ్ గార్డు ఉంది, బ్యాగులు ఉన్నాయి, హ్యాండిల్ బార్ ఉంది. మంచివే, నేనూ బిగిస్తాను. ఇంజిన్ లాగుడు పెంచే కిట్టు, కాగితంతో, వారంటీతో? నేను తిరగేసిన జాబితాల్లో కనపడలేదు. అందుకే మన కుర్రాళ్లు రంపం పట్టుకున్నవాడి దగ్గరికి వెళ్తున్నారు. కోరిక నిజమైనది. దాన్ని తీర్చే సరైన చోటు లేదు. తప్పంతా కుర్రాళ్ల మీద వేసేస్తే నేను ఒప్పుకోను.

చేయడం కుదరదా అంటే, కుదురుతుంది. కార్లకి సీఎన్‌జీ కిట్టు ఉంది కదా. ఆమోదం పొందిన కిట్టు, ఆమోదం ఉన్నవాళ్లు బిగిస్తారు, సీ బుక్కులో రాయిస్తారు. ఇంధనమే మారిపోయే మార్పుకి పద్ధతి ఉన్నప్పుడు, ఫిల్టర్, సైలెన్సర్, కంప్యూటర్ లెక్క మార్పుకి పద్ధతి ఎందుకు ఉండకూడదు? కంపెనీ కిట్టు తయారుచేసి, పూణేలో వాహనాలు పరీక్షించే సంస్థ ఏఆర్‌ఏఐ దగ్గర పరీక్ష చేయించి, 80 డెసిబెల్స్ లోపల, బీఎస్ 6 లోపల ఉందని కాగితం తెచ్చి, షోరూములో బిగిస్తే ఎవరికి నష్టం? మీటియర్‌కి 4000 దగ్గర ఉన్న 27 న్యూటన్ మీటర్లని 2500 దగ్గరే ఇంకొంచెం గట్టిగా ఇచ్చే క్యామ్ ఒకటి వస్తే, హార్స్ పవర్ ఒక్కటి కూడా పెరక్కపోయినా, నా దగ్గరికి వచ్చేవాళ్లు క్యూ కడతారు. ఈ మాట కంపెనీకి రాయండి. సర్వీసు తర్వాత ఫోన్ చేసి అభిప్రాయం అడుగుతారు కదా, పదికి పది అని పెట్టేసి వదిలేయకండి. అప్పుడు చెప్పండి. నేను ప్రతిసారీ చెబుతున్నాను.

రైడర్లకి కావాల్సింది ఇంజిన్ ఒక్కటే కాదండి. కాకినాడ నుంచి వచ్చిన ఒక చెల్లెమ్మ, బ్యాంకులో పని, సూపర్ మీటియర్ కొనుక్కుంది. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లే కాబట్టి కాళ్లు నేలకి బాగానే అందుతాయి. బండి బరువు మాత్రం 241 కిలోలు, ఫుట్ రెస్ట్ ముందుకి ఉంది. "పికప్ పెంచొద్దండి, బండి నా మాట వినేలా చేయండి" అంది. ఎంత మంచి మాట! కవాసకి వాళ్లు వల్కన్ ఎస్‌కి ఎర్గో ఫిట్ అని పెట్టారు. ఫుట్ పెగ్స్ మూడు చోట్ల అమర్చుకోవచ్చు, హ్యాండిల్, సీటు కూడా మనిషి కొలతని బట్టి. కుట్టించుకున్న జాకెట్టులా బండి మనిషికి సరిపోవాలి కదా. అది పెర్ఫార్మెన్స్ కాదా? నా దృష్టిలో ముందు అదే.

వేడి ఇంకొకటి. రోహిణి కార్తెలో రాజమండ్రి సిగ్నల్ దగ్గర పెద్ద బండి మీద నిలబడినవాళ్లకి తొడలు ఎలా కాలతాయో తెలుసు. కొన్ని పెద్ద హార్లీల్లో బండి ఆగి ఉన్నప్పుడు వెనక సిలిండర్‌ని మండకుండా ఆపే ఏర్పాటు కంప్యూటర్‌లోనే ఉంది. మన ఎండలకి అలాంటిదే కావాలి. ఇక బ్రేకు, టైరు, షాకబ్జర్ల గురించి రెండు ముక్కలు. సూపర్ మీటియర్ వెనక షాకబ్జర్ కదలిక 101 మిల్లీమీటర్లే. మన గోతుల్లో ఆ దెబ్బ నేరుగా నడుముకే. కిట్టుకి పెట్టే డబ్బులో సగం మంచి షాకబ్జర్లకి పెట్టండి, రోజూ తేడా తెలుస్తుంది.

ఒక పెద్దాయన సంగతి కూడా చెప్పాలి. ఉండి దగ్గర రొయ్యల చెరువులు ఆయనవి. 650 క్రూయిజర్ తెచ్చి, "బాబూ, ఎంతైనా సరే, పికప్ పెంచు" అన్నారు. సరే, ముందు మీరు నడపండి, నేను వెనక కూర్చుంటాను అన్నాను. చెరువు గట్టు మీద 30 స్పీడులో టాప్ గేరు వేసేశారు. బండి గడగడలాడుతోంది. షెడ్డుకి వచ్చి చూస్తే ఎయిర్ ఫిల్టర్ మట్టి కొట్టుకుపోయి ఉంది, టైర్లలో గాలి తక్కువ, చెయిన్ బిగుసుకుపోయింది, ఉప్పు గాలికి తుప్పు. ఫిల్టర్ మార్చాం, గాలి కొట్టాం, చెయిన్ కడిగి ఆయిల్ పెట్టి వదులు సర్దాం. 30లో మూడో గేరు చాలండీ అని చెప్పాను. వారం తర్వాత ఫోన్ చేసి, "ఏం వేశావు బాబూ, బండి మారిపోయింది" అన్నారు. ఏమీ వేయలేదండి అని నిజమే చెప్పాను. స్టేజ్ వన్ అడిగేముందు మీ బండి స్టేజ్ సున్నాలో సరిగ్గా ఉందా? ఇక్కడ బయట నిలబెట్టిన బళ్లు చూస్తూ వచ్చాను. నాలుగింటికి చెయిన్ వదులుగా ఉంది. టీ తాగాక చూపిస్తాను.

ఇక్కడ ఒక తమ్ముడు చెయ్యెత్తాడు. అడుగు నాన్నా... రేపు మన దగ్గర కంపెనీ కిట్టు వస్తే, అది బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి, డైనో, అంటే బండి బలం కొలిచే యంత్రం, దాని మీద పెట్టాలా అని అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. డైనో ఉంటే పెట్టు. అది ఎక్కువ సంఖ్య ఎంత అని చెబుతుంది, నువ్వు మాత్రం అది గీసే టార్క్ గీత మొత్తం అడుగు, 2000 నుంచి 4000 ఆర్‌పీఎం మధ్య గీత ఎలా ఉందో చూడు.

డైనో లేదంటే సఖినేటిపల్లి రేవుకి రా. పంటు, అంటే గోదావరి దాటించే పడవ, ఎక్కు. ముందు స్కూటర్లు, పక్కన చేపల బుట్టలు, కాలు పెట్టే చోటు ఉండదు. ర్యాంపు తడిగా ఉంటుంది. నడిచే వేగం కంటే తక్కువలో, వెనక మనిషిని దించకుండా, 240 కిలోల బండిని ఎక్కించాలి. యాక్సిలేటర్ వెంట్రుకవాసి తిప్పితే బండి వెంట్రుకవాసి కదలాలి, ఎగిరి దూకకూడదు, ఆగిపోకూడదు. నరసాపురం ఒడ్డున దిగేటప్పుడు మళ్లీ అదే. అక్కడ క్లచ్ కాల్చకుండా ఎక్కి దిగితే ఆ కిట్టు మన కిట్టు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి సఖినేటిపల్లి రేవులో ఉంటాను. రాగలిగినవాళ్లు రండి. టైర్లలో గాలి సరిగ్గా కొట్టించుకోండి, వెనక కూర్చునేవాళ్లని కూడా తీసుకురండి. మామూలుగా ఉన్న బళ్లు, సైలెన్సర్ మార్చిన బళ్లు, రెండూ కావాలి. ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి చూద్దాం.